బొమ్మ దగ్గర ‘స్మైల్ ప్లీజ్’ చెల్లదు

పెళ్లి ఫొటోలు తీయడం నేర్చుకునే కుర్రాడికి మొదటి ఏడాది మనుషుల్ని అప్పగించకూడదు, బొమ్మల్ని అప్పగించాలి అన్నది నా వాదన. వినగానే నవ్వొస్తుందని తెలుసు. నవ్వేశాక కాస్త ఆలోచించమనే ఈ వ్యాసం. తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ పేరుకి నగరమూ తీరుకి పల్లెటూరూ అయిన మా మండలంలో కూడా ముహూర్తాల నెల వచ్చిందంటే ప్రతి పెళ్లికీ ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఒక వీడియో, నెత్తిమీద ఒక డ్రోన్ తప్పనిసరి. డ్రోన్ రొదలో మంత్రాలు వినపడకపోయినా ఎవరూ నోరెత్తరు. మంత్రం ఆల్బంలో పడదు, డ్రోన్ షాట్ పడుతుంది. ఇంత సరంజామా మధ్య కొత్త కుర్రాడు పని నేర్చుకునేది ఎవరి మీద? డబ్బులిచ్చి మరీ పీటల మీద కూర్చున్న పెళ్లికూతురి మీద. కంసాలి తన కొడుకు చేతికి మొదటిరోజే బంగారం ఇవ్వడు, రాగి తీగ ఇస్తాడు. ఫొటో స్టూడియోలో మాత్రం చేరిన వారానికే ‘ఒరే, నువ్వు ఆడపెళ్లివాళ్ల వైపు చూసుకో’ అని పంపేస్తారు. ఆ కుర్రాడు చూసుకుంటాడు కూడా. ఆ చూసుకున్నదేమిటో ఆడపెళ్లివాళ్లకి ఆల్బం చేతికొచ్చాక గానీ తెలియదు.

మనిషిని ఫొటో తీయడంలో ఉన్న పెద్ద ఇబ్బంది ఏమిటంటే, మనిషి ఫొటోగ్రాఫరుకి సాయం చేస్తాడు. వెలుతురు తప్పుగా ఉన్నా నవ్వుతాడు. కెమెరా ఎత్తు తప్పుగా ఉన్నా తనే గెడ్డం సర్దుకుంటాడు. ‘అక్కా, కొంచెం ఇటు తిరగక్కా’ అంటే తిరుగుతుంది, ‘బాబాయిగారూ, మీరు కాస్త లోపలికి’ అంటే ఆయన పొట్ట కూడా లోపలికి తీసుకుంటారు. చివరికి ఫొటో బాగా వస్తే ఆ ఘనత కెమెరాది, బాగా రాకపోతే ఆ తప్పు మొహానిది. ‘మీరు కళ్లు మూశారు సార్’ అనే ఒక్క మాటతో ఎన్ని నేరాలు మాఫీ అయిపోయాయో లెక్కలేదు. బొమ్మ దగ్గర ఈ వేషాలు కుదరవు. అది నవ్వమంటే నవ్వదు, తిరగమంటే తిరగదు, కళ్లు మూసిందని నింద వేద్దామంటే దాని కళ్లు కొండపల్లిలో రంగు వేసిననాటి నుంచీ తెరుచుకునే ఉన్నాయి. ఫొటో పాడైతే నేరం మొత్తం తీసినవాడిదే. ఇంత నిక్కచ్చి గురువు మనుషుల్లో దొరకడు.

ఉదాహరణకి జానెడు కొండపల్లి బొమ్మనొకదాన్ని తీసుకోండి, తలపాగా చుట్టుకుని మీసం మెలేసిన రైతు అనుకుందాం. తెల్లపొణికి చెక్కని చెక్కి, చేతులూ కాళ్లూ విడిగా చేసి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, పైన రంగులు వేసిన బొమ్మ. దాన్ని ఫ్రేమునిండా చూపాలంటే కెమెరా అడుగు దూరంలోకి రావాలి. అంత దగ్గరికి వచ్చేసరికి ఫోకస్ పరిధి వడ్లగింజ మందానికి కుంచించుకుపోతుంది. పెద్ద కెమెరా, పెద్ద లెన్సు, ఎపర్చర్ బార్లా తెరిచి కన్ను మీద ఫోకస్ పెట్టారా, మీసం కొస మసకబారుతుంది, మీసం మీద పెడితే తలపాగా పోతుంది. ఎపర్చర్ మూస్తే రెండూ దక్కుతాయి గానీ వెలుతురు చాలదు. వెలుతురు చాలదని షట్టర్ నెమ్మది చేస్తే చెయ్యి వణుకు బయటపడుతుంది. అప్పుడు ట్రైపాడ్ కావాలి. ఫోకసూ వెలుతురూ షట్టరూ ఒకదాని జుట్టు ఒకటి ఎలా పట్టుకుని ఉంటాయో జానెడు రైతు ఒక్క పూటలో నేర్పుతాడు. తర్వాత రంగు మెరుపు సంగతి. ఫ్లాష్ కొట్టగానే రైతు బుగ్గ మీద గోరంత తెల్ల మచ్చ లేస్తుంది, అక్కడ రంగూ లేదు, రూపమూ లేదు. ఆ మచ్చ పోవాలంటే ఫ్లాష్ ఆపి, బొమ్మని కిటికీ పక్కకి జరిపి, కిటికీకి తెల్ల పంచె ఒకటి కట్టాలి. ఎండ పంచెలోంచి వడకట్టుకొచ్చి బుగ్గ గుండ్రంగా కనపడుతుంది. ఇదే మచ్చ రేపు పెళ్లికూతురి నుదుటి మీద చెమటకీ, మెడలో కాసుల పేరుకీ లేస్తుంది. పంచె కట్టడం తెలిసినవాడు దాన్ని ఆపుతాడు. తెలియనివాడు ఫొటోషాప్‌లో రుద్దుతాడు, రుద్దిన చోట చర్మం పోయి ప్లాస్టిక్ వస్తుంది.

వీటన్నిటికంటే విలువైన పాఠం ఎత్తు. సంక్రాంతికి మన ఇళ్లలో బొమ్మల కొలువు పెడతారు కదా, ఆ ఫొటోలు చూడండి. తొంభై పాళ్లు నిలబడి, ఫోన్ ఛాతీ ఎత్తున పట్టుకుని, కిందికి వంచి తీసినవే. అందులో దశావతారాలకీ కనిపించేవి నెత్తులే, అంబారీ ఏనుగుకి అయితే వీపు మాత్రమే. చూసినవాళ్లు ‘ఎన్ని బొమ్మలో’ అంటారు తప్ప ‘ఏం బొమ్మ’ అనరు. అదే ఫోన్‌ని తలకిందులు చేసి, లెన్సు నేలకి తగిలేలా పెట్టి, బొమ్మ కళ్లకి ఎదురుగా తీస్తే ఏనుగు కొండంతవుతుంది, పైన కూర్చున్నవాడికి ఊరేగింపు కళ వస్తుంది. బొమ్మ మారలేదు, తీసినవాడి మోకాళ్లు వంగాయి, అంతే. వరికోత అయిపోయిన చేలో గట్టుమీద పిల్లాడి ఆట ట్రాక్టర్ పెట్టి ఇలాగే తీస్తే, వెనక ఉన్న అసలు తాటిచెట్లూ అసలు మబ్బులూ దానికి సాక్ష్యం చెబుతాయి, అప్పు తీరని నిజం ట్రాక్టర్ అయిపోతుంది. అమెరికాలో మైఖేల్ పాల్ స్మిత్ అనే ఆయన సరిగ్గా ఈ కిటుకుతోనే ఎల్గిన్ పార్క్ అని ఒక లేని ఊరిని సృష్టించాడు. ఇరవైనాలుగో వంతు బొమ్మ కార్లని బల్ల మీద పేర్చి, బల్లని నిజం వీధిలో పెట్టి, వెనక నిజం ఇళ్లూ చెట్లూ బల్ల అంచుకి సరిగ్గా ఆనేలా కెమెరా దించాడు. ఆయన చేతిలో ఉన్నది సాదాసీదా చిన్న కెమెరా. చిన్న కెమెరాకి, ఫోన్‌కి ఉన్న వరమే ఇది. లోపలి సెన్సార్ చిన్నది కాబట్టి దగ్గరిదీ దూరందీ రెండూ స్పష్టంగా పడతాయి. బొమ్మల విషయంలో లక్షల కెమెరా కంటే జేబులో ఫోనే గెలిచే సందర్భాలున్నాయని స్టూడియోవాళ్లు బయటికి చెప్పరు, వాయిదాలు కట్టాలి గనక.

ఎత్తు పాఠం నేరుగా మనుషులకి వర్తిస్తుంది. పెళ్లిళ్లలో పిల్లల ఫొటోలు చూడండి, అవీ పైనుంచి తీసినవే. పట్టులంగా కట్టుకున్న నాలుగేళ్ల పిల్ల అందులో ఒక పాపిట, రెండు జడలు. కింద కూర్చుని తీస్తే ఆ పిల్ల సభలో ఒక వ్యక్తి, చేతిలో లడ్డూ ఉన్న పెద్దమనిషి. నిలబడి తీస్తే పిల్ల బొమ్మైపోతుంది, కూర్చుని తీస్తే బొమ్మ కూడా మనిషైపోతుంది. వయసు మళ్లిన అమ్మమ్మలు కుర్చీలో కూర్చుని ఉంటారు, వాళ్లదీ అదే గతి. మోకాలు వంచని ఫొటోగ్రాఫర్ వల్ల మన ఆల్బమ్‌లలో పొట్టివాళ్లంతా అన్యాయమైపోయారు.

ఈ విద్యకి దూరం వెళ్లి గురువుని వెతకనక్కర్లేదు, ఇంటిపక్కనే ఉన్నాడు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ నిర్మాతల్లో ఒకరైన చక్రపాణిది తెనాలి. శశిరేఖ వేసిన సావిత్రిది చిర్రావూరు, బలరాముడు వేసిన గుమ్మడిది తెనాలి దగ్గర రావికంపాడు. ఆ సినిమాలో మరో గొప్ప నటి ఉంది, పేరు ద్వారక. మద్రాసు వాహినీ స్టూడియోలో 50 అడుగులకి 60 అడుగుల జాగాలో కళాదర్శకులు గోఖలే, కళాధర్ ఆధ్వర్యంలో 300కి పైగా బుల్లి ఇళ్లు కట్టి, దీపాలు పెట్టి, దాన్ని ద్వారకా పట్టణం అన్నారు. మార్కస్ బార్ట్‌లీ కెమెరా దాని మీదుగా సాగితే తెలుగు దేశమంతా నమ్మింది. డ్రోన్ లేని రోజుల్లో మనవాళ్లు డ్రోన్ షాట్ తీశారు, మంత్రాలకి అడ్డం రాకుండా. ఇందులో తమాషా చూడండి. ద్వారక చిన్నదై ఉండి పెద్దదానిలా నటించింది, సావిత్రి ఆడపిల్లై ఉండి ఆడపిల్ల రూపంలో ఇరుక్కున్న ఘటోత్కచుడిలా నటించింది. ఇద్దరినీ నమ్మించింది ఒక్క కెమెరాయే. బార్ట్‌లీకి ఇంటికో దీపం ఎంత కాంతి ఇవ్వాలో తెలుసు, సావిత్రి బుగ్గకి ఎంత కాంతి కావాలో కూడా తెలుసు. ఆ రెండు తెలివితేటలూ ఒక్కడి దగ్గరే ఉండటం కాకతాళీయం అని నేననుకోను.

తెనాలి సంగతి వచ్చింది కాబట్టి విగ్రహాల దగ్గర ఆగక తప్పదు. నాయకుల విగ్రహాలకి తెనాలి పెట్టింది పేరు. అక్కడి సూర్య శిల్పశాలవారు 2021లో పాత ఇనుప సామానుతోనే ప్రధానమంత్రి విగ్రహం 14 అడుగులది చేశారు. అలాంటిదాన్ని దగ్గరికెళ్లి తీస్తే నట్లూ బోల్టులూ గొలుసులూ పడతాయి, ప్రధాని పడరు. దూరం జరిగితే ప్రధాని పడతారు, నట్లు మాయమవుతాయి. ఎంత దూరంలో ఇనుము మనిషవుతుందో ఆ గీత కనిపెట్టడమే ఫొటోగ్రాఫర్ పని. మన సెంటర్లలో విగ్రహాలకి ఇంకో కష్టం, దిమ్మ. దిమ్మ కింద నిలబడి తీస్తే మహానుభావుడికి రెండు ముక్కు రంధ్రాలూ ఒక గెడ్డమూ తప్ప ఏమీ మిగలదు. వెనక్కి జరిగితే మొహం కుదుటపడుతుంది కానీ ట్రాన్స్‌ఫార్మరూ కేబుల్ తీగలూ పుట్టినరోజు ఫ్లెక్సీలూ వచ్చి భుజం మీద చెయ్యేస్తాయి. దూరానికి ఇంత మహిమ ఉందంటే నమ్మనివాళ్లకి ఒక లెక్క చెబుతాను. 2018లో అమెరికాలో కొందరు పరిశోధకులు గణితం కట్టి తేల్చారు, 12 అంగుళాల దూరం నుంచి సెల్ఫీ తీసుకుంటే మగవాళ్ల ముక్కు వెడల్పు దాదాపు 30 శాతం పెరిగి కనిపిస్తుందని, 5 అడుగులకి జరిగితే ఆ పెరుగుదల పోతుందని. లెన్సు మార్చమని అనలేదు, దూరం మార్చమన్నారు. పెళ్లికొడుకు మొహంలో మొహం పెట్టి తీసే మన కుర్రాళ్ల వల్ల ఎన్ని సలక్షణమైన ముక్కులు చెడ్డపేరు తెచ్చుకున్నాయో!

ఇక ఆక్షేపణలు. మొదటిది, బలమైనది: బొమ్మకి భావం ఉండదు, మనిషికి ఉంటుంది, ఫొటో అంటే భావాన్ని పట్టుకోవడం కాదా అని. సంతోషం. అయితే సూర్యలంక బీచ్‌లో ప్రీ వెడ్డింగ్ షూట్ జరుగుతుండగా ఒక గంట చూసి రండి. అబ్బాయిని మోకాలి మీద కూర్చోబెడతారు, అమ్మాయి తల పక్కకి వంచుతారు, చెంగు గాలికి ఎగరాలంటారు. గాలి తనకు తోచిన దిక్కున వీస్తుంది కాబట్టి అసిస్టెంట్ ఒకడు చెంగు విసిరేసి ఫ్రేము బయటికి పరిగెత్తాలి. వాడు పరిగెత్తడం ఆలస్యమైతే మళ్లీ మొదటినుంచి. ఈలోపు ‘అలాగే ఉండండి, కదలకండి, ఊపిరి బిగబట్టండి’ అని కేకలు. అంటే, భావం ఉన్న మనుషుల్ని తెచ్చి వాళ్లని బొమ్మలు చేయడానికి పూటకి ఇంత అని తీసుకుంటున్నారు. బొమ్మలే కావాలంటే కొండపల్లిలో చవగ్గా దొరుకుతాయి, ఎండకి నల్లబడవు, మధ్యలో ఆకలి అనవు. నేను చెప్పేది అందుకు తలకిందులు. బొమ్మ మీద చెయ్యి తిరిగినవాడికి మనిషిని కదలొద్దనాల్సిన పని ఉండదు. ఎత్తు, దూరం, వెలుతురు చేతివేళ్లలోకి దిగిపోయాక కళ్లు ఖాళీ అవుతాయి, ఆ ఖాళీ కళ్లకే భావం కనపడుతుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో కెమెరా వెనక మీటలు తిప్పుకునేవాడికి కనిపించేది మీటలే.

రెండో ఆక్షేపణ, మనుషులు కదులుతారు, ముహూర్తం ఆగదు, బొమ్మతో ఆ తొందర ఎలా తెలుస్తుంది అని. నిజమే, ఒప్పుకోవాల్సిందే. తలంబ్రాలు పోసేవాళ్లని తీయడం బొమ్మ నేర్పదు. కానీ కదలిక గురించి బొమ్మకి బొత్తిగా ఏమీ తెలియదనుకోవద్దు. నిజాంపట్నం పడవకి ఇరవై అయిదో వంతు నమూనా చేసి తొట్టెలో వదిలి వీడియో తీయండి. పడవ ముమ్మూర్తులా ఉన్నా నీళ్లు గుట్టు చెప్పేస్తాయి. అల చటుక్కున లేచి చటుక్కున పడుతుంది, చుక్క గోళీ అంత కనిపిస్తుంది. నీటిని మనం చిన్నది చేయలేం కదా. అందుకే సినిమావాళ్లకి ఒక లెక్క ఉంది. నమూనా ఎన్నో వంతో దాని వర్గమూలం ఎంతో అన్ని రెట్లు వేగంగా తీసి, మామూలు వేగంతో చూపించాలి. ఇరవై అయిదుకి వర్గమూలం అయిదు, కాబట్టి సెకనుకి 24 ఫ్రేములు కాకుండా 120. ఇవాళ మామూలు ఫోన్‌లో స్లో మోషన్ అంకె కూడా తరచు ఆ 120యే. వెంటనే అలకి బరువొస్తుంది, పడవ సముద్రం ఎక్కుతుంది. ఈ లెక్క ఒంటపట్టినవాడు తలంబ్రాల దగ్గర స్లో మోషన్ ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు మానాలో తెలిసి పెడతాడు. ఇప్పుడు మాత్రం అక్షింతల నుంచి అప్పగింతల దాకా, చివరికి మామగారు సాంబారు పోయించుకోవడం కూడా స్లో మోషన్‌లోనే నడుస్తోంది.

మూడో ఆక్షేపణ వ్యాపారులది. బొమ్మ డబ్బులివ్వదు అని. బొమ్మ ఇవ్వదు గానీ బొమ్మ వెనక ఉన్నవాళ్లు ఇస్తారు. ఏ వెంచర్ ఆఫీసుకైనా వెళ్లండి, గాజు పెట్టెలో థర్మోకోల్ ఊరు ఒకటి ఉంటుంది. దాన్ని కంటి ఎత్తున, సాయంత్రపు పసుపు వెలుగులో తీసి బ్రోచర్ వేస్తే గజం ధర లేస్తుంది. రాజధాని అమరావతికి 2015 అక్టోబర్ 22న శంకుస్థాపన అయింది, ఆగిన పనులు 2025 మే 2న మళ్లీ మొదలయ్యాయి. ఈ మధ్యకాలంలో మనం అమరావతిని ఎక్కువగా చూసింది నమూనాల్లోనూ కంప్యూటర్ చిత్రాల్లోనూ. అవి ఎంత బాగున్నా మనకి ఎందుకో నమ్మబుద్ధి కాదు, కారణం రాజకీయం కాదు, ఫొటోగ్రఫీ. ఆ వీధుల్లో ఒక్క ఫ్లెక్సీ లేదు, ఒక్క కుక్క పడుకుని లేదు, డివైడర్ మీద ఆరేసిన బట్టలు లేవు. స్పాంజి చెట్లన్నీ ఒకే ఎత్తు, మనుషులందరూ నడకకి బయలుదేరిన పెన్షనర్లలా ఎడం ఎడంగా ఉంటారు. ఎల్గిన్ పార్క్ నమ్మకంగా ఉండటానికి సగం కారణం వెనక నిలబడిన నిజం వీధే. మన నమూనాలకి కూడా ఒక చాయ్ బండీ, ఒక వాలిన కరెంటు స్తంభమూ జోడిస్తే చదరపు గజానికి ఇంకో వెయ్యి ధైర్యంగా అడగొచ్చు.

చివరిగా పెద్దలు అనే మాట ఒకటి ఉంది, ఇవన్నీ పిల్లకాయ పనులు, మర్యాదస్థుల విద్య కాదు అని. వాళ్ల కోసం ఒక సైనికాధికారిని పిలుస్తున్నాను. కెప్టెన్ లినేయస్ ట్రైప్, మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్. 1858లో ఆయన మద్రాసులో ఉన్న అమరావతి శిల్పాలని వరసగా ఫొటోలు తీశాడు. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో మన కృష్ణ ఒడ్డున తవ్వించిన రాళ్లవి. ఆ రోజుల్లో ప్లేటు మీద బొమ్మ పడటానికి చాలాసేపు పట్టేది కాబట్టి రాయిని మించిన మోడల్ లేదు, రాయి తుమ్మదు. అసలు విశేషం ఆ శిల్పాల్లో ఉంది. అమరావతి స్తూపం పలకల మీద స్తూపం బొమ్మనే చిన్నదిగా చెక్కారు, గుమ్మటం, ప్రాకారం, సింహాలు, పూజ చేసేవాళ్లతో సహా. పెద్ద స్తూపాన్ని మనవాళ్లూ పరాయివాళ్లూ కలిసి ఇటుక ఇటుకా పట్టుకుపోయారు. అది ఎలా ఉండేదో ఇవాళ పండితులు చెబుతున్నారంటే ఆ చిన్న బొమ్మల పుణ్యమే. నమూనాని పిల్లకాయ పని అనేవాళ్లు మ్యూజియంకి వెళ్లి ఆ పలక ముందు ఆ మాట అని రావాలి.

కాబట్టి పెళ్లి కుదిరి ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడుకోబోయే తల్లిదండ్రులకి నా మనవి. వాళ్లు ముందుకు తోసే కరిజ్మా ఆల్బం చూడండి, కాదనను, అందులో పెళ్లికూతుళ్లందరూ అందగత్తెలే, ఆ అందంలో తీసినవాడి వాటా ఎంతో తేలదు. ఆల్బం మూసేసి, ‘బాబూ, నువ్వు తీసిన బొమ్మ ఫొటో ఒకటి చూపించు’ అని అడగండి. కొండపల్లి బొమ్మైనా సరే, తెనాలి విగ్రహమైనా సరే, ఆట ట్రాక్టరైనా సరే. చూపించగలిగితే అడ్వాన్స్ ఇవ్వండి. లేకపోతే మీ ఇంట్లోంచే ఒక బొమ్మని చేతికిచ్చి, వచ్చే ఆదివారం తీసుకురమ్మని పంపించండి.